పెద్దల సభకు తొలి సారథి డాక్టర్ సర్వేపల్లి రాధాకృష్ణన్

ప్రతి ఏటా సెప్టెంబరు 5వ తేదీన ఉపాధ్యాయ దినోత్సవం సందర్భంగా డాక్టర్ సర్వేపల్లి రాధాకృష్ణన్‌ను జాతి యావత్తూ స్మరించుకుంటున్నది. ఆచార్యునిగా, తత్త్వవేత్తగా, రాష్ట్రపతిగా ఆయన అందరికీ సుపరిచితులు. అయితే 1952 నుంచి 1962 వరకు పదేళ్లపాటు రాజ్యసభ అధ్యక్ష పీఠం నుంచి ఆయన నిర్వర్తించిన బాధ్యత అంతగా ప్రచారంలోకి రాలేదు. ఒక కొత్త సభకు గౌరవాన్ని, నడవడిని, సంప్రదాయాన్ని సమకూర్చిన ఆ దశాబ్దం భారత పార్లమెంటరీ చరిత్రలో ఎంతో విలువైనది.

బాల్యం, విద్యాభ్యాసం

రాధాకృష్ణన్ 1888 సెప్టెంబరు 5న తిరుత్తణిలో ఒక సామాన్య తెలుగు కుటుంబంలో జన్మించారు. తరువాతి కాలంలో చిత్తూరు జిల్లాలో భాగంగా ఉన్న ఈ పట్టణం 1960లో మద్రాసు రాష్ట్రంలో చేరింది. ఆయన పూర్వీకులది నెల్లూరు జిల్లాలోని సర్వేపల్లి గ్రామం. తండ్రి వీరాస్వామి చిరుద్యోగి, తల్లి సీతమ్మ. తిరుపతి, వేలూరులలో చదివి, మద్రాసు క్రైస్తవ కళాశాలలో ఉన్నత విద్య పూర్తిచేశారు. విద్యాభ్యాసం చాలావరకు ఉపకార వేతనాలపైనే సాగింది. బంధువు ఒకరు తాను చదివి ముగించిన తత్త్వశాస్త్ర గ్రంథాలను ఇవ్వడంతో, వేరే పుస్తకాలు కొనే స్తోమతు లేక ఆ శాస్త్రాన్నే ఎంచుకున్నారని చెబుతారు.

1909లో మద్రాసు ప్రెసిడెన్సీ కళాశాలలో అధ్యాపక వృత్తిని చేపట్టారు. రాజమహేంద్రవరంలోను, మైసూరులోను, కలకత్తా విశ్వవిద్యాలయంలోను బోధించారు. 1931 నుంచి 1936 వరకు ఆంధ్ర విశ్వవిద్యాలయ ఉపాధ్యక్షులుగా పనిచేశారు. ఆక్స్‌ఫర్డ్ విశ్వవిద్యాలయంలో ఆచార్య పదవిని, కాశీ హిందూ విశ్వవిద్యాలయ ఉపాధ్యక్ష పదవిని అలంకరించారు. రాజ్యాంగ పరిషత్తు సభ్యులుగా వ్యవహరించి, 1949లో సోవియట్ యూనియన్‌కు భారత రాయబారిగా వెళ్లారు.

పక్షాలకు అతీతమైన పీఠం

1952లో ఉపరాష్ట్రపతి పదవికి ఏకగ్రీవంగా ఎన్నికైన రాధాకృష్ణన్, మే 13న ఆ పదవిని స్వీకరించారు. ఎగువ సభ తొలి సమావేశం మొదలైనది కూడా ఆనాడే. రాజ్యాంగంలోని 64వ అధికరణ ప్రకారం ఉపరాష్ట్రపతి పదవీరీత్యా ఆ సభకు అధ్యక్షులు. లోక్‌సభ స్పీకరు ఆ సభ సభ్యులలో ఒకరు. రాజ్యసభ అధ్యక్షుడు మాత్రం సభలో సభ్యుడు కారాదు. చర్చలో ఏ పక్షం వహించరు. ఓటింగులో మొదట పాల్గొనరు. ఇరువైపులా ఓట్లు సమానమైనప్పుడు మాత్రమే 100వ అధికరణ ప్రకారం నిర్ణాయక ఓటు వేస్తారు. తనను పదవి నుంచి తొలగించే తీర్మానం చర్చకు వచ్చిన వేళ పీఠంపై కూర్చోరాదని 92వ అధికరణ నిర్దేశిస్తున్నది.

ఏ రాజకీయ పార్టీలోనూ సభ్యత్వం లేని రాధాకృష్ణన్‌కు ఈ పీఠం సహజంగానే అమరింది. తాను ఏ పార్టీకీ చెందనివాడినని, అందుచేత సభలోని అన్ని పార్టీలకూ చెందినవాడినని ఆయన తొలిరోజులలోనే ప్రకటించారు. ప్రభుత్వ విధానాలను స్వేచ్ఛగా, న్యాయంగా విమర్శించే అవకాశం ప్రతిపక్షానికి లేకపోతే ప్రజాస్వామ్యం నియంతృత్వంగా మారే ప్రమాదమున్నదని హెచ్చరించారు. 216 మంది సభ్యులున్న నాటి సభలో కాంగ్రెస్‌కు పెద్ద ఆధిక్యం ఉండేది. కమ్యూనిస్టు బృందానికి పుచ్చలపల్లి సుందరయ్య నాయకత్వం వహించేవారు. నామినేటెడ్ సభ్యులలో శాస్త్రవేత్త సత్యేంద్రనాథ్ బోస్, నటుడు పృథ్వీరాజ్ కపూర్, నర్తకి రుక్మిణీదేవి అరండేల్ వంటి ప్రముఖులు ఉండేవారు. అధికార పక్షానికి సంఖ్యాబలమున్న అటువంటి సభలో తక్కువ సంఖ్యలో ఉన్నవారి మాటకు చోటు కల్పించడమే అధ్యక్షుని తొలి కర్తవ్యమయింది.

నియమావళి బాధ్యత

ప్రశ్నలను, తీర్మానాలను అనుమతించడం, నిబంధనలపై వచ్చే అభ్యంతరాలకు తీర్పు చెప్పడం, సభలో క్రమశిక్షణను కాపాడడం, సభ్యుల హక్కులను రక్షించడం, సభ సచివాలయాన్ని పర్యవేక్షించడం అధ్యక్షుని నిత్య విధులు. ఆయన లేని సమయంలో డిప్యూటీ చైర్మన్ సభను నడిపిస్తారు. రాధాకృష్ణన్ పదవీకాలంలో చాలావరకు ఎస్.వి.కృష్ణమూర్తిరావు ఈ బాధ్యత నిర్వహించారు.

రాధాకృష్ణన్‌పై మరొక అదనపు భారం కూడా ఉండేది. సభ తన నియమాలను తాను రూపొందించుకునే వరకు, పూర్వపు శాసనసభ నియమాలను తగిన మార్పులతో అమలుచేసే అధికారాన్ని 118వ అధికరణ అధ్యక్షునికే ఇచ్చింది. రాజ్యసభ స్వయంగా ఆమోదించుకున్న నియమావళి 1964 జూలై 1న గాని అమలులోకి రాలేదు. అంటే ఆయన పదేళ్ల కాలంలో సభ నడిచినది అధ్యక్షుడు సవరించిన నియమాలపైనే. ఇంతటి అధికారం ఒక్కరి చేతిలో ఉన్నప్పటికీ సభ్యుల విశ్వాసం సడలకపోవడం ఆయన నిష్పక్షపాత వైఖరికి నిదర్శనం.

రెండు సభల నడుమ

కొత్త సభ స్థాయి ఎంత, అధికారం ఎంత అన్న సందేహాలు ఆనాడు బలంగా ఉండేవి. 1953లో ఆదాయపు పన్ను సవరణ బిల్లు ద్రవ్య బిల్లు అవునా కాదా అన్న అంశంపై ఎగువ సభ నాయకుడు, న్యాయశాఖ మంత్రి సి.సి.బిశ్వాస్ చేసిన వ్యాఖ్యలు ఉభయ సభల మధ్య వివాదానికి దారితీశాయి. ప్రధాని జవహర్‌లాల్ నెహ్రూ ప్రకటనతో అది చల్లారింది.

మరుసటి ఏడాది సమస్య హైదరాబాద్ నుంచి తలెత్తింది. 1954 మేలో నగరంలో జరిగిన హిందూ మహాసభ మహాసభలలో లోక్‌సభ సభ్యుడు ఎన్.సి.చటర్జీ, పెద్దల సభ బాధ్యత లేని పిల్లల గుంపు వలె ప్రవర్తిస్తున్నదని అన్నట్లు వార్తలు వచ్చాయి. దీనిని రాజ్యసభలో హక్కుల ఉల్లంఘనగా లేవనెత్తారు. వార్త నిజమా అని వివరణ కోరుతూ రాజ్యసభ కార్యదర్శి లేఖ రాయగా, తమ సభ్యుని ఇలా ప్రశ్నించడమే తమ హక్కులకు భంగమని లోక్‌సభ సభ్యులు అభ్యంతరం తెలిపారు. గౌరవం కోసం పట్టుబడితే రెండు సభల మధ్య దూరం పెరుగుతుంది. మౌనం వహిస్తే కొత్త సభ పరువు నిలవదు. చివరకు ఉభయ సభల హక్కుల సంఘాలు సంయుక్తంగా సమావేశమై ఒక మార్గాన్ని సూచించాయి. ఒక సభ సభ్యునిపై మరొక సభలో ఆరోపణ వచ్చినప్పుడు, ఆ సభ అధ్యక్షుడు విషయాన్ని సభ్యుని సొంత సభ అధ్యక్షునికి నివేదించాలి. 1954 డిసెంబరులో ఉభయ సభలూ దీనిని ఆమోదించాయి. పరస్పర గౌరవమే ఆధారంగా వెలసిన ఆ సంప్రదాయం స్థిరపడింది. అదే సంవత్సరం ప్రజాపద్దుల సంఘంలో ఎగువ సభ సభ్యులకు స్థానం లభించింది. ఆగస్టు 23న సభకు రాజ్యసభ అన్న పేరు ప్రకటించారు.

అయితే ఉభయ సభల సంయుక్త సమావేశానికి అధ్యక్షత వహించే అధికారం మాత్రం స్పీకరుదే. 1961 మేలో వరకట్న నిషేధ బిల్లుపై జరిగిన తొలి సంయుక్త సమావేశానికి చిత్తూరు జిల్లాకు చెందిన స్పీకరు మాడభూషి అనంతశయనం అయ్యంగార్ అధ్యక్షత వహించారు.

వారసత్వం

1957లో రాధాకృష్ణన్ మరల ఉపరాష్ట్రపతిగా ఏకగ్రీవంగా ఎన్నికయ్యారు. 1954లో భారతరత్న పురస్కారాన్ని అందుకున్నారు. 1960, 1961 సంవత్సరాలలో డాక్టర్ రాజేంద్రప్రసాద్ విదేశీ పర్యటనలోను, అస్వస్థతలోను ఉన్నప్పుడు రాష్ట్రపతి విధులు నిర్వహించారు. ఆ సమయంలో రాజ్యాంగ నియమం ప్రకారం సభాధ్యక్ష బాధ్యతలకు దూరంగా ఉన్నారు. సభలో వేడి పెరిగినప్పుడు ఒక చమత్కారంతోనో, ఒక సంస్కృత శ్లోకంతోనో వాతావరణాన్ని చల్లబరచడం ఆయనకు అలవాటు. రాజ్యసభ సమావేశాలను ఆయన కుటుంబ సమావేశాల వలె మార్చివేశారని 1962 మేలో వీడ్కోలు సందర్భంగా నెహ్రూ ప్రశంసించారు.

1962 మే 13న రాధాకృష్ణన్ రాష్ట్రపతి పదవిని స్వీకరించారు. ఆయన అధ్యక్షతన నామినేటెడ్ సభ్యునిగా కూర్చున్న డాక్టర్ జాకీర్ హుస్సేన్ ఆయన తరువాత ఆ పీఠాన్ని అధిష్ఠించారు. ఆ తరువాతి కాలంలో వరాహగిరి వెంకటగిరి, 2017 నుంచి 2022 వరకు నెల్లూరు జిల్లాకు చెందిన ముప్పవరపు వెంకయ్యనాయుడు అదే బాధ్యత నిర్వర్తించారు. 1985లో చేసిన రాజ్యాంగ సవరణ పార్టీ ఫిరాయింపులపై తీర్పు చెప్పే బాధ్యతను కూడా అధ్యక్షునికి అప్పగించడంతో ఆ పీఠం మరింత కఠినమైన పరీక్షలకు లోనవుతున్నది.

రాధాకృష్ణన్ 1975 ఏప్రిల్ 17న మద్రాసులో పరమపదించారు. సభలో ఓటు లేని అధ్యక్షునికి అందరి విశ్వాసమే బలమని ఆయన పదేళ్ల ఆచరణ నిరూపించింది. చట్టసభల గౌరవం చర్చకు వచ్చిన ప్రతిసారీ ఆయన నెలకొల్పిన సంప్రదాయం మార్గదర్శకంగా నిలుస్తుంది.