మొహం కాదు, కంఠం: జూడిత్ ఆండర్సన్ నటజీవితం

మన క్లాసురూముల్లో లేడీ మాక్‌బెత్ అంటే పరీక్షలో ఒక పెద్ద ప్రశ్న. ఆవిడ గుణగణాలతో రెండు పేజీలు నింపి, పేపరు చేతికిచ్చి బయటపడతాం. ఆ పాత్రను లండన్లోనూ, న్యూయార్కులోనూ స్టేజీ మీద వేసి, ఆ పైన టెలివిజన్లో రెండుసార్లు వేసిన ఒక ఆస్ట్రేలియా ఆడపడుచు గురించి నాలుగు మాటలు రాయాలని నాకు చాలాకాలంగా కోరిక. ఆమె జూడిత్ ఆండర్సన్. నటికి అందమైన మొహమే పెట్టుబడి అనుకునే లోకంలో, ఆ పెట్టుబడి లేకుండానే డెబ్భై ఏళ్లు నెగ్గుకొచ్చిన మనిషి.

అసలు పేరు ఫ్రాన్సెస్ మార్గరెట్. 1897 ఫిబ్రవరి 10న అడిలైడ్‌లో పుట్టింది. చిన్నతనంలోనే తండ్రి అండ పోయింది. తల్లి కిరాణా కొట్టు నడిపి పిల్లల్ని సాకింది. 1915లో, పద్దెనిమిదేళ్ల వయసులో, సిడ్నీలో మొదటిసారి మొహానికి రంగు వేసుకుంది.

1918లో తల్లిని వెంటబెట్టుకుని అమెరికాకు ఓడ ఎక్కింది. చేతిలో హాలీవుడ్ దర్శకుడు సెసిల్ బి. డెమిల్‌కి ఇవ్వవలసిన సిఫార్సు ఉత్తరం. కాని అక్కడ పని దొరకలేదు. అది మూకీల కాలమని మనం మరిచిపోకూడదు. తెర మీద మాట వినబడదు, కనబడేది మొహమే. ఈ పిల్ల ఆస్తంతా గొంతులో ఉంది! ఆ గొంతును అమ్ముకోవాలంటే నాటకమే దిక్కు. న్యూయార్కు వెళ్లి చిన్న కంపెనీల్లో దొరికిన వేషమల్లా వేసింది. ఆ రోజుల్లోనే ఇన్‌ఫ్లుయెంజా ఊళ్లను ఊడ్చేస్తోంది. అలా ఏళ్లు గడిచాక 1922లో బ్రాడ్వే మెట్లెక్కింది. పేరు జూడిత్ అని మార్చుకుంది. 1924లో కోబ్రా అనే నాటకంతో ఊరంతా ఆమె పేరు చెప్పుకుంది.

ఆ తరవాత ఆమెకు వచ్చిన వేషాలు చూడండి. యూజీన్ ఓనీల్ నాటకాల్లో నీనా, లావీనియా. 1936లో జాన్ గీల్‌గుడ్ హామ్లెట్‌గా వేసినప్పుడు అతని తల్లి గెర్‌ట్రూడ్. 1937లో లండన్ ఓల్డ్ విక్‌లో లారెన్స్ ఒలీవియే పక్కన లేడీ మాక్‌బెత్. 1941లో న్యూయార్కులో మారిస్ ఎవాన్స్ పక్కన మళ్లీ అదే పాత్ర. వీళ్లలో ప్రేక్షకుడు ఇంటికి తీసుకెళ్లి అన్నం పెడదామనుకునే ఆడది ఒక్కతీ లేదు. లోకం దూరం పెట్టే స్త్రీలందరికీ ఆమె గొంతిచ్చింది అనిపిస్తుంది నాకు.

మనలో చాలామందికి ఆమెను పరిచయం చేసింది మాత్రం సినిమాయే. 1940లో హిచ్‌కాక్ తీసిన రెబెకాలో ఇంటి పెత్తనం చేసే మిసెస్ డాన్వర్స్ ఆవిడే. ఆ సినిమా మళ్లీ చూసే అవకాశం వస్తే ఒక సంగతి గమనించండి. డాన్వర్స్ నడిచి రావడం దాదాపు కనబడదు. కొత్త కోడలు తిరిగి చూసేసరికి ఆవిడ అక్కడ నిలబడి ఉంటుంది, అంతే! ఒళ్లు కదలకుండా, అరవకుండా భయపెట్టడం ఎలాగో అక్కడ నేర్చుకోవాలి. ఆస్కార్‌కు నామినేషన్ వచ్చింది గాని బహుమతి రాలేదు. ఇంకో తమాషా ఏమిటంటే, 1918లో ఆమెకు పని ఇవ్వని ఆ డెమిల్ గారే, 1956 నాటి టెన్ కమాండ్‌మెంట్స్‌లో వేషం ఇచ్చారు.

ఆమె జీవితానికి శిఖరం 1947. గ్రీకు నాటకకర్త యూరిపిడీస్ మెడియాను అమెరికన్ కవి రాబిన్సన్ జెఫర్స్ ఆమె కోసమే తిరగరాశాడు. భర్త తనను వదిలి మరొకతెను కట్టుకుంటే, పగతో కన్నబిడ్డలనే చంపుకునే తల్లి కథ. అలాంటి తల్లిని అసహ్యించుకోవడం తేలిక. ఆ చేతులే బిడ్డల్ని నిమిరాయని మరిచిపోనివ్వకుండా నటించడం కష్టం. మరుసటి ఏడు టోనీ బహుమతి ముగ్గురు నటీమణులకు కలిపి ఇచ్చారు. అందులో ఈమె ఒకతె. 1955లో అదే నాటకంతో స్వదేశంలో పర్యటించింది.

టెలివిజన్‌ను నాటకం వాళ్లు చిన్నచూపు చూసిన రోజుల్లో కూడా ఆమె మొహం చాటెయ్యలేదు. 1954లో ఒకసారి, 1960లో స్కాట్లండులో తీసిన రంగుల చిత్రంగా మరోసారి మాక్‌బెత్ ప్రసారమైంది. ఒకే పాత్రకు రెండు ఎమ్మీ బహుమతులు! 1960లోనే డేమ్ బిరుదు వచ్చింది.

ఇంతవరకు విజయాలే చెప్పాను. ఓటమీ ఉంది. 1970–71లో, డెబ్భై దాటాక, ఆవిడ హామ్లెట్ వేషం కట్టి అమెరికా అంతా తిరిగింది. మగవాళ్లు ఆడవేషం కట్టడం మనకు వింత కాదు. స్థానం నరసింహారావు గారి సత్యభామ మన నాటక చరిత్రలో భాగం. కాని ముసలితనంలో ఒక స్త్రీ యువరాజు కావడం అక్కడి విమర్శకులకు మింగుడుపడలేదు. పత్రికలు చీల్చి చెండాడాయి. అంత పేరున్న మనిషికి ఆ సాహసం అవసరమా అని అడగొచ్చు. అడిగేవాళ్లు పేరును కాపాడుకుంటారు. ఆవిడకు పేరుకన్నా వేషం మీద ఆకలి ఎక్కువ.

ఆ ఆకలే 1982లో ఇంకో రూపంలో కనబడింది. న్యూయార్కులో మెడియాను మళ్లీ ఎత్తుకున్నారు. ఈసారి మెడియా జోయీ కాల్డ్‌వెల్, ఆవిడా ఆస్ట్రేలియా పిల్లే. ఎనభై అయిదేళ్ల జూడిత్ ముసలి దాది వేషం వేసింది. ఆ నాటకంలో మొదట నోరు విప్పేది దాదే. తన యజమానురాలికి పట్టిన గతి తలుచుకుని కుమిలిపోయేదీ ఆమే. ఒకప్పుడు తాను ఏలిన పాత్ర పక్కనే నిలబడి, దాని దుఃఖాన్ని ప్రేక్షకులకు చెప్పడం! ఆ ఏడు టోనీ బహుమతి కాల్డ్‌వెల్‌కు దక్కింది. దాది వేషానికి జూడిత్ కూడా నామినేషన్ అందుకుంది. ఆ తరవాత కూడా శాంటా బార్బరా అనే టీవీ సీరియల్లో మూడేళ్లు నటించి, ఆ పేరు గల ఊళ్లోనే 1992 జనవరి 3న కన్నుమూసింది.

ఏటా మన కాలేజీ నాటకానికి వేషాలు పంచేటప్పుడు నాయిక వేషానికి పది మంది, దాసి వేషానికి ఒక్కరూ రారు. ఆ రోజున ఎవరైనా ఈ సంగతి గుర్తుచేస్తే బాగుంటుంది: న్యూయార్కును ఊపేసిన మెడియా, ముప్ఫై అయిదేళ్ల తరవాత అదే నాటకంలో దాసిగా వచ్చి, మొదటి మాట తానే పలికింది.