కుర్చీ ఒదిలీసిన వీసీ

అనకాపల్లి, చోడవరం, మాడుగుల వైపు డిగ్రీ చదివిన మన పిల్లల పట్టా మీద ఆంధ్రా యూనివర్సిటీ పేరుంటాది. దాన్ని మొదట నిలబెట్టిందెవరర్రా అంటే చాలామంది బిక్కమొహం ఏస్తారు. విశాఖ క్యాంపస్‌లో కాన్వొకేషన్ హాలుకి సీఆర్ రెడ్డి పేరుంది కదన్నా, అంటారు కొందరు. అక్కడితో సరి.

కట్టమంచి రామలింగారెడ్డి మనవైపు మనిషి కాదు. 1880లో చిత్తూరు దగ్గర కట్టమంచిలో పుట్టేరు. మద్రాసు క్రిస్టియన్ కాలేజీలో చదువుతూ, ఇరవై ఏళ్లు నిండకముందే ‘ముసలమ్మ మరణం’ అనే కావ్యం రాసేరు. అనంతపురం దగ్గర బుక్కరాయసముద్రం చెరువుకట్ట తెగిపోతంటే, ఊరు మునిగిపోకుండా ప్రాణం ఇచ్చీసిన ఓ కోడలి కథ అది. ఆడమనిషి బలైపోతే ఊరు బాగుపడ్డమేటి? నాకైతే గొంతు దిగదు. కానీ ఓ కాలేజీ కుర్రాడు రాజుల్నీ రాణుల్నీ పక్కనెట్టి, పల్లెటూరి రెడ్డిగారింటి కోడల్ని నాయికని చేసేడంటే, అతగాడి మనసు ఎటుందో తెలుస్తాది కదా.

తర్వాత కేంబ్రిడ్జి ఎల్లేరు. తిరిగొచ్చి బరోడాలో, మైసూరులో పాఠాలు చెప్పేరు. మైసూరు విద్యాశాఖకి పెద్దగా ఉన్నప్పుడు, అంటరానోళ్లని వెలేసినవాళ్ల పిల్లలకి బడి తలుపులు తీయించడానికి పాటుపడ్డారు.

1926లో ఆంధ్రా యూనివర్సిటీ బెజవాడలో పుట్టింది. ఆయనే మొదటి వీసీ. నాలుగేళ్లకి అది వాల్తేరు కొండల మీదకొచ్చింది. సరిగ్గా ఆ 1930లోనే ఉప్పు సత్యాగ్రహం. తెల్లోడి పోలీసులు జనాన్ని లాఠీల్తో చితగ్గొడతన్నారు. ఆ సర్కారు కింద నేను వీసీగా ఉండలేనని రెడ్డిగారు రాజీనామా ఇచ్చీసేరు. ఆలోచించండి బావూ, పునాది తీసి గోడలు లేపినోడు గృహప్రవేశం నాటికి తాళాలు అప్పజెప్పి ఎల్లిపోడమంటే మాటలా? ఇవాళ ఆ కుర్చీల కోసం ఎవరెవరి గుమ్మాల కాడ పడిగాపులు పడతన్నారో మీకు తెలీందేం కాదు.

సర్వేపల్లి రాధాకృష్ణన్ తర్వాత, 1936లో మళ్లీ ఆయన్నే పిలిచేరు. 1949 దాకా ఉన్నారు. ఏడాదికి లక్ష రూపాయలు జయపురం మహారాజు విక్రమదేవవర్మ ఇచ్చేవారు. ఆ లక్ష వెనకాల కొండల్లో శిస్తు కట్టిన ఆదివాసీ చెమటుందని ఎవరూ రాయరు, నేను రాస్తన్నాను. 1942 ఏప్రిల్‌లో విశాఖ మీద జపానోళ్ల బాంబులు పడితే యూనివర్సిటీ మూటాముల్లె కట్టుకుని గుంటూరు పోయింది. ఆ గడ్డురోజులూ ఆయనే దాటించేరు. 1951లో పోయేరు.

ఆయన పోయిన పద్దెనిమిదేళ్లకి, 1969లో, గాంధీగారి శతజయంతి ఏడాది 37 యూనివర్సిటీల్లో ఎన్నెస్సెస్ మొదలైంది. మన ఊళ్లకీ వారం క్యాంపులొస్తన్నాయి. బేనరు కడతారు, చీపుర్లు పట్టుకుని ఫొటో దిగుతారు, సర్టిఫికెట్టు అట్టుకెల్తారు. పిల్లల్ని అనను. పెద్దోళ్లు దేన్నైనా ఒదులుకోడం వాళ్లు కళ్లారా చూసుంటే కదా!

ఈసారి క్యాంపుకి మాడుగుల కొండ కిందకి రండి. పింఛను కాయితం, పాసుపుస్తకం, ఆధార్‌లో తప్పడ్డ పేరు చేత్తో అట్టుకుని ఆఫీసుల చుట్టూ తిరిగే ముసలోళ్లున్నారక్కడ. వారం రోజులూ వాళ్ల అరుగు మీద కూచుని ఆ అర్జీలు రాసిపెట్టండి, మండలాఫీసుకి వాళ్లతో కూడా నడవండి.