సిరా మరకలు చూపిన వైద్యుడు: హెర్మన్ రోర్షాక్

సిరా కలములతో వ్రాసిన తరము వారందరూ ఎరిగిన ఆట ఒకటి ఉన్నది. కాగితముపై సిరాచుక్క వేసి, రెండుగా మడిచి ఒత్తి, విప్పి చూడడమే ఆ ఆట. తెలుగు తరగతిలో సిరా అన్నా, ఉర్దూ తరగతిలో సియాహీ అన్నా మరక మాత్రము ఒక్కటే. కాని అందులో ఒకరికి పువ్వు కనబడితే, ఇంకొకరికి మామిడితోటలో రాత్రి కావలివాని నీడ కనబడుతుంది.

స్విట్జర్లాండులోని షాఫ్‌హౌజెన్ పట్టణములో ఇట్టి మరకలపై మక్కువగల విద్యార్థి ఒకడుండేవాడు. తోటివారు అతనికి పెట్టిన పేరు క్లెక్స్, అనగా సిరా మరక. ఆ విద్యార్థియే హెర్మన్ రోర్షాక్. 1884 నవంబరు 8న జ్యూరిక్‌లో జన్మించాడు. తండ్రి చిత్రలేఖనోపాధ్యాయుడు. పన్నెండేండ్ల వయసులో తల్లి, పదునెనిమిదేండ్లకు తండ్రి గతించారు. తల్లిలేని పిల్లవాని మౌనము ఎట్టిదో ఆయనకు ఎవరూ బోధింపనక్కరలేక పోయినదని మా తలంపు.

చిత్రకళయా, శాస్త్రమా అని కొంతకాలము ఊగిసలాడి, చివరకు వైద్యమును ఎంచుకొన్నాడు. జ్యూరిక్‌లో ఆచార్య బ్లాయిలర్ శిష్యుడయ్యాడు. 1910లో రష్యా దేశపు వైద్యురాలు ఓల్గాను వివాహమాడాడు. 1911లో మ్యూన్‌స్టర్‌లింగెన్ మానసిక చికిత్సాలయములో పనిచేస్తూ, ఉపాధ్యాయుడైన మిత్రుడు కోన్రాడ్ గేరింగ్ సాయముతో బడి పిల్లలకు సిరా మరకలు చూపి, ఏమి కనబడుతున్నదని అడిగాడు. తప్పొప్పులు లేని ప్రశ్న అది. పరీక్ష అనగానే వణికే పిల్లవాడు కూడా దానికి జవాబు చెప్పగలడు.

ఆ పని మధ్యలో ఆగిపోయి, కొన్నేండ్ల తరువాత హెరిసౌ చికిత్సాలయములో మరల మొదలైనది. గ్రంథము 1921లో వెలువడినది. ఖర్చునకు వెరచిన ప్రకాశకుడు బొమ్మల సంఖ్యను పదికి కుదించాడు. అచ్చులో మరొక వింత జరిగినది. రోర్షాక్ సమముగా నింపిన నలుపు ముద్రణలో చిక్కగానూ పలుచగానూ మారి, మబ్బువంటి నీడలు తేలాయి. మరొకరైతే ప్రతులను తిప్పి పంపేవారు. ఆయన ఆ లోపమునే పరిశీలనకు తీసుకొన్నాడు. ఆ నీడలను చూచి మాట్లాడే తీరులో జంకు, వెనుకాడే స్వభావము తెలియవచ్చునని ఆయన భావించాడు. ఈ విషయము గల వ్యాసమును ఆయన మరణానంతరము, 1923లో, మిత్రుడు ఓబర్‌హోల్‌ట్సర్ ప్రకటించాడు. ఆందోళనను బొమ్మలలో వెదకే ప్రయత్నమునకు అచ్చుయంత్రపు పొరపాటు ఒక దారి చూపినదన్నమాట!

1922 ఏప్రిల్ 2న ఉండుకము పగిలి, కడుపులో చీముపట్టి ఆయన మరణించాడు. అప్పటికి వయసు ముప్పదియేడు. పుస్తకము అమ్ముడుపోనేలేదు, కీర్తి అంతా తరువాత వచ్చినదే.

పసిపిల్లలకు మరకలకంటె కథ చెప్పించే బొమ్మలు నయమని తరువాతివారు తలచారు. 1949లో లియోపోల్డ్ బెల్లాక్ దంపతులు మూడు నుండి పదేండ్ల పిల్లల కొరకు జంతువుల బొమ్మలు పదింటిని వెలువరించారు. అందులో ఒకటి చీకటి గదిలో మంచముపైనున్న కుందేలు పిల్ల. నాకు భయమని చెప్పలేని బిడ్డ, కుందేలుకు భయమని చెప్పగలదు.

అయితే ఒక బొమ్మకు వచ్చిన జవాబునుబట్టి బిడ్డ మనసును నిర్ణయించడము తగదని తరువాతి పరిశోధకులు గట్టిగా హెచ్చరించారు. రోర్షాక్ సైతము తన పనిని ప్రయోగమనే పిలిచాడు. ఈ హెచ్చరిక మన విస్సన్నపేట ప్రాంతమునకు మరింత అవసరము. ఇంట ఉర్దూ మాట్లాడి, తెలుగు బడిలో మౌనముగా కూర్చుండే పసిపాపకు ఆందోళన యున్నదా, లేక మాట దొరకలేదా? బొమ్మను ఇచ్చి ఇంటి భాషలో అడిగి, తల్లితో మాట్లాడి, ఆటలో ఆ బిడ్డను గమనించకుండా ఆ ప్రశ్నకు జవాబు చెప్పరాదు. తొందరపడి పిరికిదని పేరు పెడితే, ఆ పేరు బడి విడిచేవరకు వెంట వస్తుంది.

రోర్షాక్ పది పలకలు నేటికీ అచ్చవుతూనే ఉన్నాయి, ఆనాటి ఆ నీడలతోనే.