సతీష్ ధావన్: గోడ పక్క గాలిని చదివిన గురువు

మన బడి స్వర్ణోత్సవ సంచికకు ఒక మహనీయుడి గురించి రాయమని మిత్రులు అడిగారు. ఇంజనీరుగా నాకు ముందు గుర్తొచ్చిన పేరు సతీష్ ధావన్. శ్రీహరికోట కేంద్రానికి ఆయన పేరున్న సంగతి అందరికీ తెలుసు. ఆ పేరు వెనకున్న చదువు సంగతి తెలిసినవాళ్లు తక్కువ.

ఆయన 1920 సెప్టెంబరు 25న శ్రీనగర్‌లో పుట్టారు. లాహోర్‌లో గణితం, భౌతికశాస్త్రాలతో డిగ్రీ, ఇంగ్లిష్ సాహిత్యంలో ఎం.ఏ., ఆపైన మెకానికల్ ఇంజనీరింగ్ పూర్తి చేశారు. అమెరికా వెళ్లి మిన్నెసోటాలో ఎం.ఎస్. చేసి, కాల్‌టెక్‌లో హాన్స్ లీప్‌మన్ దగ్గర 1951లో పిహెచ్.డి. పొందారు.

అక్కడ ఆయన పట్టుకున్న సమస్యను అజీజ్‌నగర్ వాళ్లకు నీళ్లతో చెబితే తేలిక. హిమాయత్‌సాగర్ గేట్లు ఎత్తినప్పుడు చూసినవారికి గుర్తుండే ఉంటుంది. గేటు కింద నుంచి దూసుకొచ్చిన నీరు కొంత దూరం పోయి, ఒక్కసారిగా నురగతో పైకి లేస్తుంది. ధ్వనిని మించిన వేగంతో పోయే గాలిలోనూ ఇలాగే పీడనం హఠాత్తుగా పెరిగే చోటు ఉంటుంది. అదే షాక్‌వేవ్. ఇక కాలువ నడుమ నీరు పరుగెత్తుతున్నా గట్టు పక్కన నెమ్మదిగా పోతుంది కదా! విమానం రెక్కను ఆనుకున్న పలుచని గాలి పొర కూడా అంతే. దాని పేరు బౌండరీ లేయర్.

ఈ రెండూ కలిసిన చోటే చిక్కు. షాక్‌వేవ్ తెచ్చే ఒత్తిడి, బయటి వేగపు గాలిలో ఎదురు పోలేదు. కానీ రెక్కను అంటుకున్న గాలి ధ్వని కంటే నెమ్మది కనుక, అందులోంచి ఎదురు పాకుతుంది. పొర తట్టుకోలేకపోతే రెక్కను వదిలేస్తుంది. అప్పుడు గాలి నిరోధం పెరుగుతుంది, విమానం అదురుతుంది. లీప్‌మన్, రోష్కోలతో కలిసి ధావన్ దీన్ని ప్రయోగాలతో పరిశీలించారు. పొర సాఫీగా ఉంటే ఒత్తిడి ప్రభావం చాలా దూరం ఎదురు పాకుతుంది. సుడులతో నిండి ఉంటే కొద్ది దూరంలోనే ఆగుతుంది. సుడులు పైనున్న వేగపు గాలిని కిందికి తెచ్చి, గోడ దగ్గరి గాలికి బలమిస్తాయి మరి. గాలి రాపిడిని నేరుగా కొలవడానికి, గోడలో చిన్న ముక్కను విడిగా కదిలేలా అమర్చి, దానిమీది బలాన్ని కొలిచారు.

1951లోనే బెంగళూరు ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సైన్స్‌లో చేరి, దేశంలో మొదటి సూపర్‌సోనిక్ విండ్ టన్నెల్‌ను అక్కడ నెలకొల్పారు. తరువాత ఆ సంస్థకే డైరెక్టర్ అయ్యారు. 1972లో ఇస్రో బాధ్యత అప్పగిస్తే, డైరెక్టర్ పదవిలోనూ కొనసాగుతాననే షరతు మీద ఒప్పుకున్నారు. అంతరిక్షం కోసం బడిని వదులుకోలేదు.

1979 ఆగస్టు 10న శ్రీహరికోట నుంచి ఎగిరిన మొదటి ఎస్‌ఎల్‌వి-3 బంగాళాఖాతంలో పడిపోయింది. ప్రాజెక్టు డైరెక్టర్ అబ్దుల్ కలాం. అయినా విలేఖరుల ముందుకు ధావన్ స్వయంగా వెళ్లి, బాధ్యత తన మీద వేసుకున్నారు. 1980 జులై 18న అదే రాకెట్ 35 కిలోల రోహిణిని కక్ష్యలో పెట్టింది. ఆ రోజు విలేఖరులతో మాట్లాడమని కలాంను ముందుకు పంపారు.

2002 జనవరి 3న ఆయన కన్నుమూశారు. ఆ ఏడాదే శ్రీహరికోట కేంద్రానికి ఆయన పేరు పెట్టారు.

ఈ కథ చదివినప్పుడల్లా నాకు మన సార్లే గుర్తొస్తారు. పిల్లవాడు తప్పితే తల్లిదండ్రుల ముందు తాము తలవంచి, ఫస్ట్ క్లాసు తెచ్చుకుంటే వాడినే స్టేజీ ఎక్కించినవాళ్లు. ఇప్పుడు మనలో చాలామంది కింద పనిచేసే పిల్లలున్నారు. వాళ్ల రాకెట్ పడిపోయిన రోజున ముందు నిలబడాల్సింది మనమే.