వనమే దేవాలయముగా: వెరియర్ ఎల్విన్

ఓరుగల్లు కాకతీయ సామ్రాజ్యము అస్తమించిన పిమ్మట ప్రతాపరుద్రుని సోదరుడగు అన్నమదేవుడు గోదావరి దాటి బస్తరు రాజ్యమును స్థాపించెనని ఐతిహ్యము. ఇంద్రావతి, శబరి నదులు నేటికిని బస్తరు అడవుల నీటిని గోదావరికి కొనివచ్చుచున్నవి. దక్షిణపుటంచున కుంట ప్రాంతమందలి దోర్లల పలుకులో తెలుగు వినిపించును. తెలుగువారికి ఇంత చేరువయైన ఈ అరణ్యభూమిని లోకమునకు ఎరుకపరచినవారిలో అగ్రగణ్యుడు ఒక ఆంగ్లేయుడు. క్రైస్తవ పురోహితుడై ఈ దేశమునకు వచ్చి, మతము మార్పించుట తన పని కాదని నిశ్చయించుకొని, అందుకు తగిన మూల్యమును చెల్లించిన వెరియర్ ఎల్విన్ ఆయన.

ఎల్విన్ 1902వ సంవత్సరము ఆగస్టు 29వ తేదీన ఇంగ్లండులోని డోవరు పట్టణమున జన్మించెను. తండ్రి పశ్చిమాఫ్రికాలోని సియెర్రా లియోనులో బిషప్పుగానుండి 1909లో మరణించెను. భక్తురాలగు తల్లి పెంపకమున కుమారుడు బైబిలు పఠనముతో, ప్రార్థనతో పెరిగెను. ఆక్స్‌ఫర్డు మెర్టన్ కళాశాలలో ఆంగ్ల సాహిత్యమునందును, వేదాంతశాస్త్రమునందును ప్రథమశ్రేణి సాధించి, పిన్నవయసుననే విక్లిఫ్ హాలు అను వేదాంత కళాశాలకు ఉపాధ్యక్షుడయ్యెను. ఆ దారిన సాగియుండిన తండ్రివలెనే బిషప్పు పీఠమును అధిష్ఠించుట ఆయనకు దుర్లభము కాకపోయెడిది.

కాని ఆయన మనస్సు పీఠములవైపు పోలేదు. మధ్యయుగమునాటి క్రైస్తవ యోగుల రచనలు ఆయనను ఆకర్షించెను. ఆంగ్లజాతి భారతదేశమునకు చేసిన అపచారమునకు తానొక్కడైనను ప్రాయశ్చిత్తము చేసికొనవలెనను తలంపు అంతకంటె బలముగా హత్తుకొనెను. 1927లో పూనాకు వచ్చి, జాక్ విన్‌స్లో 1922లో నెలకొల్పిన క్రీస్త సేవా సంఘమున చేరెను. అచటి సోదరులు ఖద్దరు ధరించి, నేలపై కూర్చుండి, శాకాహారము భుజించుచు, భారతీయ పద్ధతిని ఆరాధన సాగించుచుండిరి. పాశ్చాత్య వేషము లేకయే క్రీస్తును కొలువవచ్చునని వారి విశ్వాసము. ఎల్విన్ అచటనే ఆంగ్ల యోగియగు రిచర్డు రోలును క్రైస్తవ సన్న్యాసిగా చిత్రించుచు ఒక గ్రంథమును, క్రైస్తవ ధ్యానమును గూర్చి మరియొకటియు రచించెను. ఈ రెండును 1930లో వెలువడెను. మన భక్తిమార్గమునకును, ఐరోపా యోగుల ప్రేమమార్గమునకును గల పోలికను గుర్తించి, ధ్యానమే రెండు మతముల నడుమ వంతెన కాగలదని ఆయన భావించెను.

1928 జనవరిలో సబర్మతిని దర్శించినది మొదలు ధ్యానమొక్కటియే ఆయనకు చాలలేదు. గాంధీజీ ఆయనను పుత్రవాత్సల్యముతో చూచెను. అహింసాయుత సత్యాగ్రహము క్రీస్తు బోధకు విరుద్ధము కాదని ఎల్విన్ 1930లో పుస్తకమే వ్రాసెను. ఒక ఆంగ్ల పురోహితుడు ఇట్లు జాతీయోద్యమ పక్షము వహించుట ప్రభుత్వమునకును, క్రైస్తవ మఠాధిపతులకును రుచించలేదు. 1932లో ఆయన మిత్రుడగు శామరావు హివాలేతో కలసి మండ్లా జిల్లా మైకల్ కొండలలోని కరంజియా అను గోండు గ్రామమునకు చేరెను. పేదరికమును వరించిన అస్సీసీ ఫ్రాన్సిసు వారికి ఆదర్శము. పాఠశాలయు, మందుల శాలయు, కుష్ఠరోగులకు ఆశ్రయమును ఏర్పరచిరి. గోండులలో ఒక్కరినైనను మతము మార్పించ తలపెట్టలేదు. ప్రభుభక్తి ప్రమాణము చేయ నిరాకరించినందున నాగపూరు బిషప్పు ఆయనకు పురోహితానుజ్ఞ నీయలేదు. ఈ సంఘర్షణ మూడేండ్లు సాగి, 1935లో ఎల్విన్ ఇంగ్లండు చర్చిని విడిచెను.

బాల్యమునుండి తన శ్వాసగానుండిన ఆరాధనక్రమమును త్యజించుట సామాన్య విషయము కాదు. చర్చిని విడిచినను, చర్చి నేర్పిన కరుణను ఆయన విడువలేదు. రోగి పుండు కడుగుట, ఆకలిగొన్నవాని పక్కన కూర్చుండుట, ఎదుటివాని దేవుని కథను శ్రద్ధతో ఆలకించుట ఆయనకు నిత్యపూజలయ్యెను.

1940లో ఆయన బస్తరు సంస్థానమునకు వచ్చి, గౌరవ మానవశాస్త్రవేత్తగాను, జనాభా లెక్కల అధికారిగాను పనిచేసెను. ఇంద్రావతి భోరున దుముకు చిత్రకూట జలపాతమునొద్ద నివాసమేర్పరచుకొని మురియాల పల్లెలను తిరిగెను. యువతీయువకులు కలసి మెలగు ఘోటులును నాగరికులు అవినీతిగా ఎంచుచుండగా, ఆయన అందు క్రమశిక్షణను, స్నేహమును, పాటను, ఆటను చూచెను. ఘోటులుకు మూలపురుషుడగు లింగో పెన్ మురియాలకు సంగీతమును కూడ ప్రసాదించిన దైవము. ఆనందము కూడ ఆరాధనయే కాగలదని, ప్రాయశ్చిత్తము వెదకుచు వచ్చిన ఈ పురోహితునకు మురియాలు బోధించిరి. ఆ ఫలితమే 1947లో వెలువడిన మురియా ఘోటులు గ్రంథము. అంతకుముందు 1943లో, మరియాలలోని నూరు హత్యాభియోగములను పరిశీలించి, వాటి వెనుకనున్న భయమును, అవమానమును, నమ్మకములను వివరించెను. అడవి బిడ్డలకు కారాగారము ఎంత దుర్భరమో తెలిపి, వారియెడ దయతో మెలగవలెనని అధికారులను కోరెను.

ఎల్విన్ నిర్దోషి కాడు. గిరిజనులను ప్రదర్శనశాలలో దాచదలచెనని విమర్శకులు నిందించిరి. బ్రహ్మచర్యము, మద్యనిషేధము అను విషయములలో గాంధీమార్గమునుండి దూరమయ్యెను. 1940లో ఆయన వివాహమాడిన గోండు యువతి కోసీతో కాపురము 1949లో విచ్ఛిన్నమయ్యెను. గిరిజనుల గౌరవమునకై ఇన్ని పుటలు వ్రాసిన ఆయన ఆత్మకథలో ఆమెకు దక్కినవి కొద్ది మాటలే. ఆయన కరుణను కొనియాడువారు ఈ లోపమును మరువరాదు.

ఆంధ్రదేశపు సరిహద్దునగల గంజాం, కొరాపుట్ కొండలలోని సవరల మతమును గూర్చిన ఆయన బృహద్గ్రంథము 1955లో వెలువడెను. మృతులైన తమవారి ప్రీతికై సవరలు గోడలపై వ్రాయు చిత్రములను ఆయన పూజ్యభావముతో వర్ణించెను. 1954లో భారత పౌరుడై, ఈశాన్య సరిహద్దు ప్రాంతమునకు గిరిజన వ్యవహారముల సలహాదారుగా నియుక్తుడయ్యెను. అచటికి పోవు ఉద్యోగులు పాలకులుగా గాక, నేర్చుకొనువారుగా పోవలెనని ఆయన పట్టుదల. 1961లో పద్మభూషణ పురస్కారము లభించెను. 1964 ఫిబ్రవరి 22న ఢిల్లీలో మరణించెను. తుదిదినములలో బౌద్ధమువైపు మొగ్గిన ఆయనకు షిల్లాంగులో బౌద్ధవిధిని అంత్యక్రియలు జరిగెను. ఆత్మకథకు 1965లో, మరణానంతరము, సాహిత్య అకాడమీ పురస్కారము దక్కెను.

బిషప్పు కుమారుడు పురోహితుడై, ఆశ్రమవాసియై, ప్రభుత్వోద్యోగియై, తుదకు బుద్ధుని శరణుజొచ్చెను. వేషములు మారినను వెదకినది ఒక్కటియే. కొండవాని గుడిసె గడపను దైవసన్నిధి గడపవలె తలవంచి దాటుట ఆయన మతము. ఉద్యోగధర్మమున అడవిపల్లెలకు పోవు ప్రతివానికిని ఆ వినయము నేర్వదగినది.