బ్రౌను దొర

చార్లెస్ ఫిలిప్ బ్రౌను 1798 నవంబరు 10వ తేదీన కలకత్తాలో జన్మించెను. తండ్రి డేవిడ్ బ్రౌను క్రైస్తవ మతాచార్యుడు. ఆయన 1812లో మరణింపగా కుటుంబము ఇంగ్లండునకు తరలిపోయెను. బ్రౌను అచ్చట హెయిలీబరీ కళాశాలలో కంపెనీ కొలువునకు వలసిన శిక్షణ పొంది, 1817లో మద్రాసు చేరెను. వెలగపూడి కోదండరామ పంతులు వద్ద తెలుగు నేర్చుకొని, 1820లో పరీక్షయం దుత్తీర్ణుడై, కడపలో ఉద్యోగమున ప్రవేశించెను.

తెలుగు నేర్చు ఆంగ్లేయునకు ఒక చిక్కు కలదు. ఆంగ్లము నేర్చు తెలుగు బాలునకును అదే చిక్కు తలక్రిందుగా ఎదురగును. ఆంగ్లమున నామవాచకమునకు ముందు ఎ, యాన్, ది అను చిన్న పదములు వచ్చును. వీనినే ఆర్టికిల్సు అందురు. తెలుగున ఇట్టివి లేవు. ఓరుగల్లు సుబేదారిలోని బాలుడు వేయిస్తంభముల గుడికి పోయివచ్చి, గుడిలో విగ్రహమును చూచితిననియు, విగ్రహము నల్లరాతిదనియు చెప్పిన చాలును. ఆంగ్లమున అట్లు కుదరదు. వినువాడు ఎఱుగని విగ్రహమును మొదట పేర్కొనునపుడు ఎ స్టాట్యూ అనియు, దానినే మరల చెప్పునపుడు ది స్టాట్యూ అనియు అనవలెను. లోకమున ఒక్కటియే యున్న సూర్యుని మొదటనే ది సన్ అందురు. ఎ, యాన్ అనువానిలో దేనిని వాడవలెనో తెలుపునది అక్షరము కాదు, ధ్వని. అందుచేతనే యాన్ అవర్ అనియు, ఎ యూనివర్సిటీ అనియు అందురు.

ఎ, యాన్ అనునవి ఒకటి అను అర్థముగల ప్రాచీన పదమునుండియు, ది అనునది ఆ అను అర్థముగల పదమునుండియు పుట్టినవి. ఈ బంధుత్వమే మోసము చేయును. ది వచ్చిన చోటెల్ల ఆ అని పెట్టి, ఆ సూర్యుడు ఉదయించెను అనినచో, సూర్యులు ఎందఱని వినువాడు అడుగక మానడు!

ఇది నవ్వి విడువదగిన సంగతి కాదు. బ్రౌను మచిలీపట్నము, రాజమహేంద్రవరములలో న్యాయాధికారిగా పనిచేసెను. ఆ కాలమున న్యాయస్థానములలో సాక్షులు తెలుగున పలుకగా, దొరలు ఆంగ్లమున వ్రాసికొనవలసి వచ్చెడిది. సాక్షి, రాత్రి మనిషి వచ్చెను అని చెప్పెననుకొందము. వచ్చినవాడు ఎవడో అపరిచితుడా, అంతకుముందు పేర్కొనబడిన నిందితుడా? తెలుగు వాక్యము దానిని తేల్చి చెప్పదు. ఆంగ్లమున వ్రాయువాడు మాత్రము ఎ మ్యాన్ అనియో, ది మ్యాన్ అనియో నిర్ణయింపక తప్పదు. ఆ చిన్న పదముపై ఒక ప్రాణము ఆధారపడి యుండవచ్చును. సాక్షిని మరల ప్రశ్నింపవలెనన్నచో వ్రాయువానికి రెండు భాషల పోకడయు తెలిసి యుండవలెను.

బ్రౌను కడపలో బంగళా కొని, అందు పండితులను నిలిపి, జీర్ణించుచున్న తాళపత్ర గ్రంథములకు ప్రతులు వ్రాయించెను. జూలూరి అప్పయ్య, వఠ్యం అద్వైతబ్రహ్మయ్య ఆయనకు తోడ్పడినవారు. జీతము చాలక అప్పులు చేసెను. 1829లో వేమన పద్యములను ఆంగ్లానువాదముతో ప్రకటించెను. 1834లో ఉద్యోగము పోయి ఇంగ్లండు చేరినను, అచ్చటను దక్షిణదేశపు వ్రాతప్రతుల పట్టిక కూర్చుటకే పూనుకొనెను. అప్పులలో మునిగిన వానికి ఇంతటి పట్టుదల అబ్బురమే!

మరల మద్రాసు వచ్చి, 1840లో తెలుగు వ్యాకరణమును ఆంగ్లమున వెలువరించెను. 1852లో తెలుగు–ఆంగ్ల నిఘంటువును, 1854లో ఆంగ్ల–తెలుగు నిఘంటువును ముద్రించెను. ఆయన కూర్చిన వాక్యావళియు 1852 నాటిదే. అది రెండు భాషల నుడికారములను ప్రక్కప్రక్కన చూపు అభ్యాసగ్రంథము. పదమునకు పదము పెట్టిన భాష రాదని గ్రహించినవాడు గనుకనే నిఘంటువులతో తనివి చెందక వాక్యముల పుస్తకము వ్రాసెను. వాని ఫలము తెలుగు నేర్చు దొరలకేగాక ఆంగ్లము నేర్చు తెలుగువారికిని దక్కెను.

1855లో ఆయన భారతదేశమును విడిచెను. పిదప లండను విశ్వవిద్యాలయమున తెలుగు ఆచార్యుడుగా నుండెను. 1884 డిసెంబరు 12వ తేదీన లండనులో కన్నుమూసెను. ఆయన అవివాహితుడు. కడపలో ఆయన బంగళా ఉండిన చోట నేడు ఆయన పేర గ్రంథాలయము, భాషాపరిశోధన కేంద్రము వెలసి యున్నవి.