మైకేలు ఫారడే

మైకేలు ఫారడే 1791వ సంవత్సరమున లండను చెంత నొక పేద కమ్మరి యింట జన్మించెను. పదునాలుగవ యేట పుస్తకములకు అట్టలు కట్టువానియొద్ద పనికి కుదిరి, చేతికి వచ్చిన గ్రంథములనే చదివి శాస్త్రాభిరుచి నలవరచుకొనెను. 1812లో హంఫ్రీ డేవీగారి యుపన్యాసములు విని, తాను వ్రాసికొనిన దానికి అట్ట కట్టి యాయనకు పంపెను. మరుసటి యేడు రాయల్ ఇన్‌స్టిట్యూషనులో సహాయకుడయ్యెను.

ఆ కాలమున దీపములకై నూనెనుండి తీసిన వాయువును పాత్రలలో నొత్తి నింపుచుండిరి. వాని యడుగున నొక తైలము మిగులుచుండెను. ఫారడే దానిని పలుమారులు కాచి, చల్లార్చి, గడ్డకట్టించి, 1825లో నొక నూతన పదార్థమును వేరుచేసెను. అదియే బెంజీను.

దానినుండి రంగులును ఔషధములును వెలువడినవి. కాని దాని యావిరిని చిరకాలము పీల్చినవారికి రక్తపు కాన్సరు రాగలదని తరువాత తెలిసినది.

మలినమును పరీక్షించుటయు నాతడు నేర్పినదే. 1855లో థేమ్సు నదిలో తెల్లని కాగితపు ముక్కలను విడిచి, అంగుళము లోతైనను దిగకముందే యవి కానరాకపోవుట గమనించి, పత్రికకు లేఖ వ్రాసెను.

దైవభక్తుడైన ఫారడే బిరుదములు గోరక 1867లో మరణించెను. నేడు గాలిలో, నీటిలో బెంజీనును కొలుచువారు ఆ కాగితపు ముక్కల పనినే సాగించుచున్నారు.